ఉమ్మడి గోడ

పాతపేటలో ఇల్లు కొన్న రోజు నుంచీ పళ్లాయన కాలు నేల మీద నిలవలేదు. దంతవైద్యుల దగ్గర నోటి అచ్చులు తెచ్చుకుని కట్టుడు పళ్లు చేసిచ్చే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని పళ్లాయన అనేవారు. పిల్లనిచ్చిన మామగారు కూడా వెనకాల అలాగే అనేవాడని వినికిడి. ఊళ్లో తక్కిన వాళ్లంతా లిఫ్టులున్న అపార్టుమెంట్ల కోసం ఎగబడుతుంటే, ఈయన మాత్రం సెలవు దొరికితే చాలు, రాతి మెట్ల సందులూ చెక్క బాల్కనీలూ చూసుకుంటూ పాతపేటలో తిరిగేవాడు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఫొటోలు తీసుకునే ఆ వీధిలో తనకంటూ ఒక గుమ్మం ఉండాలని ఆయన కోరిక. మామూలు కోరిక కాదు, పిచ్చి.

ఆయన భార్యకి ఆ పిచ్చి లేదు. "గాలీ వెలుతురూ ఉంటే చాలండీ, ఇల్లు ఎక్కడైనా ఒకటే" అంది కొనబోయే ముందు. అందులో మొదటి సగం పళ్లాయన చెవికెక్కలేదు. రెండో సగం పట్టుకుని "చూశావా, నీకూ ఇష్టమేగా!" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. మొగుణ్ణి కాదనలేని ప్రతిచోటా ఆవిడ అలాగే నవ్వేది. ఆ నవ్వుని ఒప్పుకోలు కింద జమ వేసుకోవడం ఈయనకి పెళ్లయిన కొత్త నుంచీ అలవాటు.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున అందరూ చూసేవన్నీ ఈయనా చూశాడు. కుళాయిలు తిప్పాడు, కప్పు కేసి చూశాడు, గోడల మీద వేళ్లతో కొట్టి విన్నాడు. ముందు గదిలో నెత్తి మీద వరసగా ఉన్న టేకు దూలాలు చూసి మాత్రం మైమరచిపోయాడు. "ఇలాంటి కలప ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ" అని బ్రోకరు ఒక్క మాట అనేసరికి పళ్లాయన కళ్లు చెమర్చాయి. ఆ దూలాల అవతలి కొసలు ఎక్కడ ఆనాయో చూడాలని ఇద్దరికీ తోచలేదు. బ్రోకరుకి తోచినా చెప్పేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

కాపురం మొదలయ్యాక అసలు ఇల్లు బయటపడింది. సందులోకి బండి రాదు. సరుకులు, గ్యాసు బండ, జ్వరమొస్తే పిల్ల, అన్నీ భుజాన వేసుకుని మెట్లెక్కాల్సిందే. వీధి వైపు కిటికీ జానెడంత ఉంటుంది. దాన్ని పెద్దది చేయించుకుందామంటే పాత కట్టడాల ఆఫీసు ఒప్పుకోదు, వీధి మొహం మారకూడదట. ఆ కాస్త కిటికీ తెరిస్తే ఫొటోలవాళ్లు తలలు లోపలికి పెట్టి చూస్తారు, మూసేస్తే పట్టపగలే దీపం కావాలి. గోడల అడుగున చెమ్మ. భార్య బీరువాని గోడకి దూరంగా జరిపింది, తరవాత మంచాన్ని, తరవాత పిల్ల పుస్తకాల అలమారాని. జరిపీ జరిపీ చివరికి సామానంతా గది మధ్యకి వచ్చి చేరింది. బడికి వెళ్తున్న పాపకి దగ్గు పట్టుకుంది. డాక్టరు పీల్చే మందు రాసిచ్చాడు.

"పాత ఇళ్లంటే అంతేనే. అలవాటు పడాలి" అనేవాడు పళ్లాయన. ఆయనకేం, పొద్దున్నే తన పని గదికి వెళ్లిపోయేవాడు. పళ్లు అరగదీసుకుని సాయంత్రానికి వచ్చి దూలాల కింద కుర్చీ వేసుకుని, తల పైకెత్తి కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒక సెలవు రోజున ఆ బ్రోకరే ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని దిగాడు. పక్కపక్కనున్న రెండిళ్లూ కలిపి హోటలు కట్టాలని ఎవరో అడుగుతున్నారట. ఒకటి వీళ్లది, రెండోది గోడ పక్కనున్న నర్సమ్మగారిది. ఆవిడ ఆస్పత్రిలో పనిచేసి ఎప్పుడో రిటైరైన మనిషి, ఒంటరిది.

పళ్లాయన ఒంటికాలి మీద లేచాడు. "కొని నిండా ఏడాది కాలేదు, అప్పుడే అమ్మమంటావా? నువ్వేగా అమ్మింది!"

"కోప్పడకండి సార్" అన్నాడు బ్రోకరు. "మంచి బేరం కాబట్టి చెప్పాను. మీరు కాదంటే మానె. నర్సమ్మగారి ఇల్లు ఎలాగూ తీసుకుంటారు."

"తీసుకోనీ. నాకేం?"

ఇంజనీరు మర్యాదస్తుడు. దూలాల చివర వేలితో చూపించాడు. "మీకేం అంటే, ఇదండీ. ఇటు వైపు మీకు సొంత గోడ లేదు. మీ దూలాలన్నీ ఆవిడ గోడలో కూర్చున్నాయి. మీరంతా ఉమ్మడి గోడ అనుకుంటున్నారు గానీ కాగితాల ప్రకారం అది పూర్తిగా ఆవిడదే. మేం కొంటే ఆ ఇంటిని పునాదుల దాకా విప్పేస్తాం. మీకు ముందుగా నోటీసు ఇస్తాం. అప్పుడు మీరు కప్పు దింపి, లోపల మరో గోడ కట్టుకుని, మళ్లీ కప్పు వేసుకోవాలి. అంటే ఇల్లు మళ్లీ కట్టుకున్నట్టే. అంత ఖర్చు పెట్టలేమనుకుంటే మాకే అమ్మెయ్యొచ్చు."

పళ్లాయన దూలాల చివర్ల కేసి చూశాడు. ఆయన పనిలో ఇలాంటిది రోజూ చూస్తాడు. ఒక పన్ను ఊడితే అటూ ఇటూ ఉన్న పళ్లని ఆసరా చేసుకుని మధ్యలో ఉత్తుత్తి పన్ను నిలబెడతారు. దానికి వేరుండదు. పక్క పన్ను పీకితే అదీ ఊడి చేతిలోకి వస్తుంది. తను కొన్నది అలాంటి పన్ను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి భార్య టీ తెచ్చి అందరికీ ఇచ్చింది. "విన్నావా?" అనడిగాడు వాళ్లు వెళ్లాక. "విన్నానండీ. ఇప్పుడెలా?" అంది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

మర్నాటి నుంచి పళ్లాయన కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. పని గదిలో అచ్చులు ఎండిపోయాయి. ఎవరో పెద్దమనిషికి ఇవ్వాల్సిన పళ్లు ఇవ్వకపోయేసరికి ఆయన వారమంతా గంజి తాగి తిట్టిపోశాడు. ముందుగా పాత కట్టడాల ఆఫీసుకి వెళ్లాడు. ఒక కిటికీ పెద్దది చెయ్యనివ్వని వాళ్లు ఒక ఇంటిని కూలగొట్టనిస్తారా అని గంపెడాశ.

గుమాస్తా ఫైలు తిరగేశాడు. "ముందు గోడ ఉంచుతామని వాళ్లు రాసిచ్చారండీ. మాకు వీధి మొహం ముఖ్యం."

"మరి వెనక?"

"వెనక ఏముందో మాకు అనవసరం."

"వెనక నేనున్నానండీ! నా పెళ్లాం, పిల్ల ఉన్నారు!"

"మీరు చారిత్రకం కాదుగా" అన్నాడు గుమాస్తా. వెటకారం లేదు, నిజంగానే సందేహం తీరుస్తున్నట్టు అన్నాడు. పళ్లాయన ఇద్దరు లాయర్ల దగ్గరికి కూడా వెళ్లాడు. గోడ ఆవిడదైతే ఆవిడ ఇష్టం అన్నారు ఇద్దరూ, ఫీజు మాత్రం విడివిడిగా తీసుకున్నారు. ఇక మిగిలింది నర్సమ్మగారే.

ఆవిడ గడప తొక్కడానికి ఈయనకి మొహం చెల్లలేదు. వచ్చిన కొత్తలో ఒకే ఒక్కసారి వెళ్లాడు, రేడియో సౌండు తగ్గించుకోమని చెప్పడానికి. "గోడలోంచి ప్రతి మాటా వినపడుతోందండీ" అని గద్దించి వచ్చాడు. ఆ తరవాత రేడియో వినపడలేదు, వీళ్లిద్దరి మధ్యా మాటా లేదు.

ఇప్పుడు ఆ ఇంటి ముందు గదిలో స్టూలు మీద ముడుచుకుని కూర్చుని కాళ్లావేళ్లా పడ్డాడు. "మీ మోకాళ్లకి ఈ మెట్లు కష్టమని తెలుసమ్మగారూ. సరుకులు నేను తెచ్చిపెడతాను. మందులు తెస్తాను. మా కింది గది మీకిచ్చేస్తాం, పైకి ఎక్కక్కర్లేదు, మా మనిషిలాగే చూసుకుంటాం. పళ్లు కావాలంటే జీవితాంతం చేసిపెడతాను. ఇల్లు మాత్రం అమ్మకండి. ఉన్నదంతా ఊడ్చి అందులో పెట్టాను. అది పోతే నేను లేవలేను."

నర్సమ్మగారు అంతా విన్నది. "పాప దగ్గు ఎలా ఉంది?" అంది.

ఈ మాట ఎందుకొచ్చిందో పళ్లాయనకి అర్థం కాలేదు. "తగ్గుతోందండీ."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడే."

"మీకు అలాగే చెబుతుంది" అంది నర్సమ్మగారు. "నా రేడియో మీకు వినపడినప్పుడు మీ ఇల్లు నాకు వినపడదా నాయనా? బతుకంతా వార్డుల్లో తిరిగినదాన్ని. ఆ దగ్గు తగ్గడం లేదు, ముదురుతోంది. మీరు పనికి వెళ్లాక, పాప బడికి వెళ్లాక, మీ ఆవిడ వంటింట్లో ఇదిగో ఈ గోడకి ఆనుకుని ఏడుస్తుంది. మొదట్లో కుళాయి చప్పుడేమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక ఇటు నుంచి తట్టాను. అప్పటి నుంచి రోజూ వస్తుంది. పిన్నీ అని పిలుస్తుంది."

పళ్లాయన ఆ గోడ కేసి చూశాడు.

"హోటలు వాళ్లకి నేను ఒకటికి రెండుసార్లు తలుపేసేశాను. చస్తే ఇక్కడే చద్దామనుకున్నదాన్ని, నాకెందుకు అమ్మడం? అమ్మమని అడిగింది మీ ఆవిడ."

"మా ఆవిడా?"

"ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చుని అడిగింది. 'ఆయన ప్రాణమంతా ఆ ఇంట్లో ఉంది పిన్నీ. వదిలేద్దామని నా నోటితో అనలేను. ఇల్లే ఆయన్ని వదిలేస్తే బాగుండు' అంది. మీ ఇంజనీరు వచ్చి వెళ్లిన మర్నాడు."

పళ్లాయనకి ఒళ్లు మండిపోయింది. కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి వెనక నుంచి గోతిలోకి తోసినట్టు అనిపించింది. "నాతో ఒక్క మాట అనొచ్చుగా! పెళ్లాం మాట విననంత మూర్ఖుణ్ణా నేను?"

"అనలేదా?"

ఆయన అనలేదనే చెప్పబోయాడు. గాలీ వెలుతురూ ఉంటే చాలండీ, అన్న మాట గుర్తొచ్చింది. బీరువా జరిపినప్పుడు పిలిచి చూపించింది, గోడంతా పచ్చగా బూజు. "సున్నం వేయిద్దాం" అన్నాడు. పాపని కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉంచుదామా అంది, బడి పోతుందన్నాడు. పోయిన చలికాలంలో ఒకసారి "మనం ఇక్కడే ఉండిపోవాలా?" అని సూటిగానే అడిగింది. ఆయన దూలాల కేసి చూస్తూ "ఇంకెక్కడికి పోతాం, ఇది మనదే" అని ధైర్యం చెప్పాడు. ధైర్యం చెప్పాననే ఇంతకాలం అనుకున్నాడు.

"ఇంకా సంతకం పెట్టలేదు" అంది నర్సమ్మగారు. "రేపు వస్తామన్నారు. మీరు వెళ్లి మీ ఆవిణ్ణే అడగండి. ఆవిడ ఉందామంటే నేను అమ్మను. ఈ మోకాళ్లతోనే ఎక్కుతాను, దిగుతాను. మాట ఇస్తున్నాను."

పళ్లాయన దణ్ణం పెట్టి బయటపడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇల్లు నిలబడింది! అడిగితే చాలు. అడిగితే ఆవిడ ఏమంటుందో ఆయనకి తెలుసు. "మీ ఇష్టమేనండీ" అంటుంది, నవ్వుతుంది. ఇన్నేళ్లలో ఇంకో జవాబు చెప్పి ఎరగదు. అక్కణ్ణుంచి తన గుమ్మానికి నాలుగంగలు కూడా లేదు. ఆ నాలుగంగలూ వెయ్యకుండానే ఆయన గుమ్మం ముందు ఆగిపోయాడు. ఆవిడ ఆ మాట అంటుంది, రేపు ఈయన పనికి వెళ్లగానే గోడకి ఆనుకుంటుంది. ఇంతకాలం తెలియకుండా వెళ్లాడు. ఇకముందు తెలిసి వెళ్లాలి.

"కొంచెం పక్కకి జరుగుతారా?" అన్నారెవరో. కెమెరా పట్టుకున్న జంట ఆయన గుమ్మాన్ని ఫొటో తీసుకోవాలనుకుంటున్నారు, మధ్యలో ఈయన అడ్డం. పళ్లాయన పక్కకి జరిగాడు. వాళ్లు తీసుకుని "ఎంత అందంగా ఉందో!" అనుకుంటూ వెళ్లిపోయారు.

లోపల దీపం వెలుగుతోంది. పాప మధ్యకి జరిపిన మంచం మీద కూర్చుని మందు పీలుస్తోంది. భార్య దాని వీపు నిమురుతోంది. భర్తని చూసి లేచింది.

"ఏమన్నారండీ?"

పళ్లాయన తల పైకెత్తకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. పైన దూలాలున్నాయి. వాటిని చూస్తే చెప్పదలుచుకున్నది చెప్పలేడు.

"అమ్మేస్తున్నారట" అన్నాడు. "ఎంత బతిమాలినా వినలేదు. సంతకం కూడా అయిపోయిందట."

"అయ్యో" అంది ఆవిడ.

అంటూనే ఆవిడ భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్లూ అవి పైకి బిగుసుకుని ఉన్నాయని కూడా ఆయనకి తెలియదు. ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎంత పనైందండీ! ఎంత ముచ్చటపడి కొన్నారు" అంది, కళ్లనిండా నీళ్లతో. ఆ నీళ్లు అబద్ధం కాదు. ఆయన కోసం నిజంగానే ఏడుస్తోంది. మరుక్షణమే ఊపిరి తిప్పుకోకుండా అడిగింది.

"ఎప్పుడు ఖాళీ చెయ్యాలట?"

నోరు జారినట్టు ఆవిడకే తెలిసింది. చెయ్యి వదిలేసి పాప వైపు తిరిగి పీల్చే మందు గొట్టానికి మూత పెట్టసాగింది. పళ్లాయన ఏమీ గమనించనట్టే నిలబడ్డాడు.

"తొందరగానే" అన్నాడు. "ఇప్పుడే వస్తాను, ఆవిడతో ఇంకో మాట చెప్పాలి."

"ఇంకా ఎందుకండీ బతిమాలడం? వద్దు, మనకి ప్రాప్తం లేదు."

"ఒక్కసారి" అని బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. సందులో ఎవరూ లేరు. ఆయన మెట్టు మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తరవాత లేచి మొహం తుడుచుకుని, ఇల్లు అమ్మెయ్యమని బతిమాలడానికి నర్సమ్మగారి తలుపు తట్టాడు.