గ్రూపుకు వేసిన తాళం

బస్సు మెసైమీర్ మలుపు తిరిగేసరికి లింబాద్రి ఫోన్లో చూడని మెసేజీలు మూడు వందల పద్దెనిమిది. ఇంకా పొద్దున ఐదుంబావే అయింది. ఖతర్‌లో ఐదుంబావంటే ఊళ్లో ఏడుముప్పావు. అక్కడ చాయ్ గిన్నె పొయ్యి మీదికి ఎక్కేలోపే ఇక్కడ కొట్లాట పొంగిపోయింది.

గ్రూపు పేరు ‘మన ఊరు మన ముచ్చట’. రెండు వందల ఆరుగురు. సగం మంది ఊళ్లో, సగం మంది ఖతర్, కువైట్, సౌదీల్లో. ఊరివాళ్ల లెక్కలో అవన్నీ ఒకటే దుబాయ్. గ్రూపు పెట్టిన ఫసీయుద్దీన్ వీసా రద్దయి ఇంటికి పోతూ, తాళంచెవి అప్పజెప్పినట్టు అడ్మిన్ పని లింబాద్రికి అప్పజెప్పాడు. కారణం ఒక్కటే. లింబాద్రి ఏ పార్టీ వాడూ కాదు. ఒక్కడే అడ్మిన్. ఇంకొకణ్ణి చేస్తే ఆ ఇంకొకడు ఎవడన్నదాని మీద మళ్లీ కొట్లాట.

ఈసారి కొట్లాటకు నిప్పు పెట్టింది మాత్రం లింబాద్రి భార్య గంగామణే.

ఊళ్లో సర్పంచి ఉన్నాడు, పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు. కానీ నడిచేది గ్రామాభివృద్ధి కమిటీ మాట. ఆ అధికారం వాళ్లకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎదురు చెప్పినవాడు లేడు కనుక వచ్చింది. ఆ కమిటీ మొన్న మంగళవారం ఒక తీర్మానం చేసింది, బడి గోడను ఆనుకున్న గదిలో బెల్టు షాపు పెట్టుకోవచ్చని. బీడీలు చుట్టుకుంటూ ఆ సంగతి విన్న గంగామణి ఫోన్ అందుకుని గ్రూపులో మాట పెట్టింది.

"బడి పక్కన తాగుడు షాపు పెడ్తే ఆడివిల్లలు ఎట్ల వోవాలె? కమిటోళ్ల ఇండ్లల్ల ఆడివిల్లలు లేరా?"

మొదటి వాక్యం ఊరు విన్నది. రెండోది కమిటీ విన్నది.

సౌదీ నుంచి ఒకడు "వదిన మాట్లాడింది కరెక్టు" అన్నాడు. కువైట్ నుంచి ఒకడు "కమిటీకి ఎదురు మాట్లాడే మొగోడు ఇంక పుట్టలే, ఆడిదేంది" అన్నాడు. అక్కడికి బాగానే ఉంది. మూడో మెసేజీకి సంగతి బడి గోడ దూకి ఢిల్లీకి పోయింది.

"మీ పువ్వోళ్లు ఢిల్లీల ఏం పీకిండ్రో ముందు అది జెప్పు."

"మీ చెయ్యోళ్లు అరవై ఏండ్లు పీకింది నువ్వు జెప్పు."

"కారు దిగినంక మీ ఇద్దరికి మాటలొచ్చినయ్ రా!"

"అరే, నువ్వు ఓటేసి ఎన్నేండ్లయింది రా?"

"నువ్వేసినవా?"

అడిగినవాడూ, అడిగించుకున్నవాడూ పన్నెండేళ్లుగా ఓటు వేయలేదు. ఎన్నికలప్పుడు ఇద్దరూ ఎడారిలోనే ఉన్నారు. అయినా రెండు రోజుల్లో పెట్రోలు ధర, సరిహద్దు, గుడి, రిజర్వేషన్లు అన్నీ గ్రూపు మీదుగా ఊరేగాయి. బెల్టు షాపు మాట ఎత్తినవాడు లేడు. తెల్లవారుజామున ఒకడు ఇంకొకడి తల్లిని తిట్టాడు.

అడ్మిన్‌గా లింబాద్రికి తెలిసిన మందు ఒక్కటే. గ్రూపును మూసేయడం. అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజీ పెట్టలేకుండా సెట్టింగు మార్చడం. ఇంతకుముందు నాలుగుసార్లు చేశాడు. ప్రతిసారీ సాయంత్రానికల్లా అందరూ చల్లబడ్డారు.

బస్సు సైటు గేటు ముందు ఆగుతుండగా మాట రికార్డు చేసి పెట్టాడు. "అందరికి దండం పెడ్తున్న. గ్రూపు బందు జేస్తున్న. డ్యూటీ దిగినంక తెరుస్త. అప్పటిదాంక తలా ఇన్ని నీళ్లు దాగి కూసోండ్రి."

గేటు దగ్గర ఇనుప పెట్టె ఉంటుంది. ఫోన్ చూస్తూ నడిచిన మనిషి ఒకడు రెండో అంతస్తు నుంచి పడ్డప్పటి నుంచీ ఈ సైటులో ఫోన్లన్నీ ఆ పెట్టెలోకే. టైమ్ కీపర్ నిసార్ అహ్మద్, హైదరాబాదీ, ఒక్కొక్క ఫోనూ తీసుకుని అరలో పెట్టి తాళం వేశాడు.

"క్యా లింబాద్రి భాయ్, ఆజ్ భీ జంగ్ చాలూ?"

"బందు జేసొచ్చిన సాబ్. అమన్ శాంతి," అని నవ్వాడు లింబాద్రి.

ఆ నవ్వు తలుచుకుని సాయంత్రం తనను తానే తిట్టుకుంటాడని అతనికి అప్పుడు తెలియదు.

ఆ రోజు స్లాబు పోత. కాంక్రీటు లారీలు వరుస కట్టాయి. లింబాద్రి రాడ్లు కట్టే మనిషి. పోసే గొట్టం ముందు ముందు నడుస్తూ జారిన కడ్డీలను సరిచేస్తూ ఉండాలి. తల ఎత్తే తీరిక లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా ఐదుకు ఫెన్సింగ్ అవతల నుంచి కేక వినిపించింది.

"లింబాద్రన్నా! ఓ లింబాద్రన్నా!"

నర్సింగ్. అదే ఊరివాడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు, దోహా అంతా తిరుగుతుంటాడు. ట్యాంకరును రోడ్డు మీద అడ్డంగా వదిలేసి ఫెన్సింగ్ జాలీ పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఏందిరా గట్ల మొత్తుకుంటున్నవ్?"

"గ్రూపు తెరువే! ముందుగాల గ్రూపు తెరువు! నీ ఫోను ఎత్తుతలేవని నీ బిడ్డ శోభ నాకు జేసింది. పొద్దుగాల్నే కమిటీ కూసుంది. వదినను పిలిచిండ్రు. నాలుగు గొట్టేలోపు గ్రూపుల తప్పు ఒప్పుకోవాలెనట. లేకుంటే మీ ఇల్లు బంద్!"

లింబాద్రి చేతిలోని కొక్కెం కింద పడింది.

‘ఇల్లు బంద్’ అంటే ఏమిటో ఆ ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు. దుకాణంలో ఉప్పు దొరకదు. గిర్నీలో పిండి పట్టరు. ఆటో ఎక్కించుకోరు. బీడీలు చుట్టించే టేకేదారు ఆకు ఇవ్వడు. మాట్లాడినవాడి ఇల్లు కూడా బంద్. నాలుగేళ్ల కింద ఒక ఇంటికి అలా చేస్తే, వాళ్ల తాత చచ్చిపోయినప్పుడు పాడె మోయడానికి నాలుగో మనిషి దొరకలేదు.

"వదిన కమిటీ అధ్యక్షుని ఇంటికి వోయి కాళ్లు మొక్కినా ఇనలేదట," అన్నాడు నర్సింగ్. "మాట ఏడ జారిందో ఆడనే ఎత్తుకోవాలె అన్నడట అధ్యక్షుడు. గ్రూపు బందయ్యిందని శోభ ఏడ్సుకుంట జెప్తే, ‘తాళం మీ బాపు చేతులనే ఉన్నది గదనే’ అన్నడట."

ఒంటిగంటా ఎనిమిది. ఊళ్లో మూడూ ముప్పై ఎనిమిది.

లింబాద్రి పరుగు తీశాడు. తడి కాంక్రీటు మీద బూటు దిగబడింది, పీక్కున్నాడు. ఫోర్‌మన్ జహాంగీర్ వెనక నుంచి అరిచాడు. "ఓయ్! కహా భాగ్ రహా హై? గాడీ ఖడీ హై!" కాంక్రీటు లారీ ఆగి ఉందన్న ఆ అరుపుకు లింబాద్రి వెనక్కి చూడలేదు.

గేటు దగ్గర పెట్టె ఉంది. నిసార్ అహ్మద్ లేడు.

"లంచ్," అన్నాడు గేటు దగ్గర కాపలా ఉన్న నేపాలీ, వేలు దూరంగా ఉన్న కంటైనర్ల వైపు చూపిస్తూ.

కంటైనర్లు ఏడు. ఒక్కో తలుపూ తీశాడు. ఆరోదాంట్లో నిసార్ అహ్మద్ నోట్లో ముద్దతో కనిపించాడు.

"సాబ్, చావీ."

"డ్యూటీ టైమ్‌లో నై ఖుల్తా భాయ్, మాలూమ్ హై నా..."

లింబాద్రి రెండు చేతులూ జోడించాడు. ఏం జరిగిందో సగం తెలుగులో, సగం హిందీలో కక్కేశాడు. నిసార్ అహ్మద్ ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు.

ఇది చట్టం ఒప్పదని నడుస్తూనే అన్నాడు, "పోలీస్ కో ఫోన్ మారో. యే తో గైర్‌కానూనీ హై."

"పోలీసు జీపు గంట సేపుంటది సాబ్. ఊరు జిందగీ అంతుంటది."

పెట్టె తెరుచుకునేసరికి ఒంటిగంటా ఇరవై నాలుగు. నలభై ఒక్క మిస్డ్ కాల్స్. వేళ్లకు అంటిన సిమెంటుకు ఫోన్ వేలిముద్ర పట్టలేదు. ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. గంగామణికి కలిపాడు.

"ఏమయ్యా!" ఒక్క మాటే.

"తెరుస్తున్ననే. ఏం జెప్పాలెనో మనసుల వెట్టుకో. తెరవంగనే వెట్టు."

"పొద్దుగాల్నుంచి అదే మనసుల వెట్టుకొని కూసున్న."

ఒంటిగంటా ఇరవై ఆరు. ఊళ్లో మూడూ యాభై ఆరు. గ్రూపు తెరిచాడు.

తెరవగానే ఏమవుతుందో అతను ఊహించలేదు. ఊరివాళ్లు, కువైట్ వాళ్లు, సౌదీ వాళ్లు అందరూ ఎనిమిది గంటలుగా నోరు కట్టేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కడూ తన జవాబును వేళ్ల కొసన పట్టుకుని ఉన్నాడు. గేటు ఎత్తిన కాలువలా వచ్చిపడ్డాయి.

"పొద్దుగాల నన్ను తిట్టినోడు ఇప్పుడు రావాలె!"

"ఢిల్లీ లెక్కలు నేను జెప్త, ఇను..."

"లింబాద్రి ఎవని పైసలు దిని బందు జేసిండు?"

వీడియోలు, కార్టూన్లు, జెండాలు, నమస్కారాలు. రెండు నిమిషాల్లో డెబ్భై. వాటి మధ్య ఎక్కడో పద్నాలుగు సెకన్ల మాట ఒకటి, గంగామణి పేరుతో పైకి లేచి, మునిగింది.

"ఆగుండ్రి! ఒక్క నిమిషం ఆగుండ్రి!" అని లింబాద్రి పెట్టాడు. అదీ మునిగింది. మళ్లీ మూసేద్దామా? మూస్తే గంగామణి ఇంకొక్క మాట కూడా పెట్టలేదు. తెరిచి ఉంచితే పెట్టినది ఎవరికీ కనబడదు. వేలు ఆ సెట్టింగు మీద ఆగింది.

ఊళ్లో నాలుగు కొట్టగానే అధ్యక్షుడు రాశాడు. "టైమ్ అయిపోయింది. తప్పు ఒప్పుకున్నట్టు మాకు ఏమీ రాలేదు. చాటింపు అవుతుంది."

"వచ్చింది! పైన చూడుండ్రి!" అని లింబాద్రి రాశాడు. దాని మీద ఢిల్లీ గురించి ఇంకో పదకొండు మెసేజీలు వచ్చాయి.

అంతలో ఫోర్‌మన్ గేటు దాకా వచ్చాడు. ఫోన్ పెట్టెలోకి, లింబాద్రి స్లాబు మీదికి. మిగిలిన రెండున్నర గంటలు రాడ్లు ఎలా కట్టాడో అతనికే తెలియదు. చేతులు కట్టాయి.

ఖతర్ టైము నాలుగింటికి డ్యూటీ దిగి బస్సు ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని గ్రూపు తెరిచాడు. కొట్లాట లేదు. ఢిల్లీ లేదు. అధ్యక్షుడి చివరి మెసేజీ ఒకటి ఉంది. "బంద్ అయిన ఇంటి మనిషి ఉన్న గ్రూపులో ఉన్నవాళ్లు ఆ ఇంటితో మాట్లాడినట్టే లెక్క. ఆ నంబరును ఈ రోజే తీసేయాలి."

తీసేయగలిగినవాడు ఒక్కడే. అడ్మిన్.

అందరూ అతని కోసం కాసేపు ఎదురుచూశారు. తరువాత కదలడం మొదలైంది. ఫలానావాడు గ్రూపు నుంచి వెళ్లిపోయాడు. ఫలానావాడు వెళ్లిపోయాడు. వదిన మాట కరెక్టు అన్న సౌదీ మనిషి వెళ్లిపోయాడు. పువ్వోళ్లు, చెయ్యోళ్లు, కారోళ్లు రెండు రోజులుగా ఏ ఒక్క దానికీ ఒప్పుకోనివాళ్లు, దీనికి మాత్రం ఒకరి వెనక ఒకరు వరుస తప్పకుండా నడిచారు. లింబాద్రి తమ్ముడు కూడా వెళ్లిపోయాడు. బస్సు సైటు దాటి పెద్ద రోడ్డు ఎక్కేలోపు గ్రూపులో ముప్పై మంది. సిగ్నల్ దగ్గర ఆగేసరికి తొమ్మిది మంది.

గంగామణిని అడ్మిన్‌ని చేసి, మిగతా అందరికీ మూసి ఉంచితే ఆమె మాట ఒక్కటే వినబడేది. ఆ ఆలోచన ఆ సిగ్నల్ దగ్గర వచ్చింది.

నర్సింగ్ ఫోన్ చేశాడు.

"అన్నా."

"జెప్పు తమ్మీ."

"మా అవ్వ ఆడ ఒక్కతే ఉంటది. మందులకు మోర్తాడు వోవాలె వారం వారం. ఆటో..."

"నాకెర్కనే రా."

"ఏమనుకోకే అన్నా."

"ట్యాంకరు రోడ్డు మీద ఇడిసిపెట్టి వచ్చినవ్. నిన్ను ఏమనుకుంట? పెట్టెయ్."

నర్సింగ్ వెళ్లిపోయాడు.

ఆ తరువాత శోభ ఫోన్ చేసింది. పదో తరగతి చదివే పిల్ల. ఏడవడం అయిపోయిన గొంతు.

"బాపూ, డప్పు గొట్టిపోయిండ్రు. అవ్వ గోడకు ఆనుకొని కూసున్నది. పిండికని గిర్నీల వెట్టొచ్చినం గదా, అది ఆడనే ఉన్నది, ఇయ్యమన్నరు." గొంతు తగ్గించింది. "బాపూ, అవ్వ వెట్టిన మెసేజీ ఎవరెవరు ఇన్నరో అవ్వ ఫోన్ల కనవడ్తది. నేను జూసిన. అధ్యక్షుడు ఇన్నడు బాపూ! మూడూ యాభై ఎనిమిదికి ఇన్నడు. టైమ్ గుడ రాసున్నది. ఫోటో దీసిన. ఇగ రుజువు ఉన్నది మన దగ్గర!"

లింబాద్రి నిటారుగా కూర్చున్నాడు.

"ఏది? వెట్టు. గ్రూపుల వెట్టు బిడ్డా!"

ఫోటో వచ్చింది. స్పష్టంగా ఉంది. అధ్యక్షుడి పేరు, మూడూ యాభై ఎనిమిది. అక్కడ గంగామణి ఫోన్లో దాని కింద రెండు గీతలు వెంటనే నీలంగా మారి ఉంటాయి. చూడవలసినవాళ్లందరూ చూసేశారు. గ్రూపు పేరు కింద సభ్యుల సంఖ్య రెండు.

పైకి జరుపుతూ పోయాడు. జెండాలు, కార్టూన్లు, తిట్లు దాటి, ఆ పద్నాలుగు సెకన్ల దగ్గర ఆగాడు. చెవికి ఆనించుకుని నొక్కాడు.

"అందరికి దండం. నేను గంగామణిని. నాకు దెల్వక అన్న. కమిటీ పెద్దలు నన్ను మాఫ్ జెయ్యుండ్రి. నా బిడ్డ బడికి వోవాలె, నా ఇల్లు బంద్ వెట్టకుండ్రి. గంతే."

బస్సు క్యాంపు ముందు ఆగింది. అందరూ దిగిపోయారు. డ్రైవరు అద్దంలో చూసి, త్వరగా దిగమన్నట్టు "యల్లా, యల్లా" అన్నాడు. లింబాద్రి లేవలేదు. మళ్లీ మొదటి నుంచి నొక్కాడు.