వెండిపొడి

నేను ఢిల్లీలో టైపిస్టుని, మునిర్కాలో అద్దెగది. పక్కగదిలో గుర్బచన్ సింగ్ గారు, వాయుసేనలో మెకానిక్‌గా రిటైరయ్యారు. ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసిన విమానం బొమ్మలకు అచ్చం అల్యూమినియంలా రంగెయ్యడం నాకు నేర్పింది ఆయనే. ముందు నిగనిగలాడే నలుపు వేసి, ఆరాక వెండిపొడి దూదితో రుద్దాలి.

ఎనభై నాలుగు నవంబరు ఒకటిన మధ్యాహ్నం నా గదిలో ఇద్దరం బొమ్మ రెక్కలు రుద్దుతుంటే వీధిలో అరుపులు. ప్రధానమంత్రి హత్యకు ప్రతీకారమంటూ సిక్కుల్ని చంపుతున్నారు. ఆయన్ని నా మంచం కింద దాచాను.

తలుపు విరగ్గొట్టి నలుగురు లోపలికొచ్చారు. ముందువాడి చేతిలో కాగడా.

"సర్దార్ కహాఁ హై?"

"ఇక్కడెవరూ లేరు భయ్యా," అన్నాను హిందీలో.

వాడు నా జుట్టు పట్టి గోడకేసి బాదాడు. పన్ను ఊడింది, నోరంతా నెత్తురు. ఇంకొకడు మంచం ఎత్తబోయాడు. బల్ల మీద మూత తీసి ఉన్న, రంగు పల్చన చేసే థిన్నర్ డబ్బా అందుకుని కాగడా మీదికి విసిరాను. భగ్గుమని వాడి చెయ్యీ మెడా అంటుకున్నాయి. కేకలు పెడుతూ మెట్ల మీంచి దొర్లాడు. మిగతావాళ్లు వాడి వెనకే పరిగెత్తారు.

సింగ్ గారు మంచం కిందనుంచి వచ్చి, గదిలో అంటుకున్న మంటలు దుప్పటితో ఆర్పి, "హైమా బేటీ, నాకోసం ఎంత పని చేశావమ్మా!" అని ఏడ్చారు.

రెండ్రోజులు ఆయన్ని డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దాచాను. మూడోరోజు సైనికులొచ్చి సహాయ శిబిరానికి తీసుకెళ్లారు. ఆయన బతికారు. కాలినవాడికి నా ఈడే ఉంటుంది. వాడేమయ్యాడో ఎవరినీ అడగలేకపోయాను.