ఒడిలో పసుపు బియ్యం

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కొత్తగా నాట్లు వేసిన పొలాల నీళ్లలో ఆకాశం కూడా మాతోపాటే వస్తోంది. ఒడిలో లాప్‌టాప్, భుజానికి ఆనుకుని అరవింద్. పెళ్లయ్యాక మొదటిసారి అమ్మ నాకు ఒడిబియ్యం పోయబోతోంది. ఆ సంతోషంలో ఉండాల్సిన మనసు ఆఫీసు కోసం రాస్తున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ దగ్గర ఆగిపోయింది.

తెలుగు వాక్యాల్లో ఏ మాట నామవాచకమో, ఏది క్రియో చెప్పే లేబుళ్లు ఉంటాయి. మా ఆఫీసు వాడే లేబుళ్లు సన్నవి, వివరంగా ఉంటాయి. ఇంకో సంస్థవి ముతకవి. మావాటిని వాళ్ల పద్ధతిలోకి మార్చి, మళ్లీ వెనక్కి మారిస్తే మొదటివే రావాలి. నా ప్రోగ్రామ్ చక్కగా వెళ్తుంది గానీ, వచ్చేటప్పుడు వివరాలన్నీ పోగొట్టుకుని వస్తుంది. సాయంత్రంలోగా సరిచేస్తే కామారెడ్డిలో మా ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారు ఆఫీసులో. లేదంటే వచ్చే వారం నుంచి నేను హైదరాబాద్‌లో, మోటార్ల వైండింగ్ షాపుతో అరవింద్ ఇక్కడ.

"నువ్వు పోతే నేను ఎవల బట్టలు ఆరెయ్యాలె?" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పని తనదే.

పుట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి అమ్మ నా ఒడిలో దోసిళ్లతో పసుపు బియ్యం పోస్తుంటే సన్నని వాన చప్పుడు. కళ్లు మూసుకుంటే ఒడిలోకి లేబుళ్లే రాలుతున్నాయి. పోయడం అయిపోగానే మూట ముడివేసుకుని లేచాను.

"ఏందే, అంతా మూటగట్టుకొని పోతవా?" అమ్మ తన కొంగు చాచి నిలబడింది. "పుట్టింట్ల పిడికెడన్న ఇడువవా?"

"మొగడు పక్కకుంటే పుట్టిల్లు యాదికుంటదా?" అంది మేనత్త యాదవ్వ.

సిగ్గుపడి మూట విప్పి, అమ్మ కొంగులో పిడికెడు బియ్యం వేశాను. కూతురు కొంత ఉంచి వెళ్తేనే ఈ ఇల్లూ నిండుగా ఉంటుందని మా ఆచారం. తెరిచిన పిడికిలి అలాగే ఉండిపోయింది. మాట కూడా వెళ్లేటప్పుడు తన పాత లేబుల్‌ను ఒకచోట ఉంచి వెళ్తే? ఫైల్లో ప్రతి మాట పక్కనా ఒక గడి ఖాళీగానే ఉంది కదా.

తిరుగు బస్సులో నా ఒడి నిండా బియ్యమే. లాప్‌టాప్‌ను అరవింద్ తన ఒడిలో పెట్టుకున్నాడు, నేను అటు ఒరిగి టైప్ చేశాను.

"మీ అమ్మ నీ ఒడి నింపింది, నువ్వు నాది నింపినవ్."

పొలాల మీద ఎండ పసుపు బియ్యం రంగుకు తిరిగింది. వెళ్లిన మాటలన్నీ తమ లేబుళ్లతోనే తిరిగొచ్చాయి. ఫైల్ పంపాను. కామారెడ్డి దగ్గరపడేసరికి జవాబు వచ్చింది.

"ఏమన్నరు?"

"వచ్చే వారం గూడ నా బట్టలు నువ్వే ఆరెయ్యాల్నట."

బస్టాండులో అందరూ దిగిపోయారు. అరవింద్ మాత్రం కీబోర్డులో ఇరుక్కున్న పసుపు గింజను గోటితో మెల్లగా తీస్తూ కూర్చున్నాడు.