టెంప్ అనే ఫోల్డరు

సేవ్ నొక్కగానే తెర మీద మళ్ళీ అదే పెట్టె తెరుచుకుంది. చోటు లేదట. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఆ ఆఫీసులో పేజీలు సర్దే ఆమె పళ్ళు నూరుతూ మౌసును బల్ల మీద రెండుసార్లు కొట్టింది. అందరూ ఆమెను పేజీలమ్మాయి అంటారు. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చినా ఆ పిలుపు మాత్రం ఎదగలేదు. మధ్యాహ్నానికి లెక్కల పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. సి డ్రైవు చూస్తే పీకలదాకా నిండిపోయి, ఎంత నిండిందో చూపే గీత ఎర్రగా ఉడికిపోతోంది.

గది ఇరుకు. కిటికీ తెరిస్తే పక్కభవనం గోడ, ఏసీ కింద నీళ్ళు కారే బకెట్టు, రెండు కుర్చీలు, ఒకే కంప్యూటరు. కీబోర్డు మీద అక్షరాలు సగం ఆమె వేళ్ళకే అరిగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె బాగా నేర్చుకున్న విద్య పేజీలు సర్దడం ఒకటి, తప్పు తన మీద పడకుండా చూసుకోవడం ఒకటి. కరెంటు పోయింది సార్, ఫాంటు మారిపోయింది సార్, ప్రెస్సువాళ్ళే తారుమారు చేశారు సార్. ఇంట్లోనూ అంతే. కూర మాడితే స్టవ్వుది తప్పు, మాట జారితే తలనొప్పిది. మొగుడు మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు వినిపించుకోవడం మానేశాడు. అంతకుమించి చెప్పుకోవలసిన గొప్పలు గానీ ఘోరాలు గానీ ఆమె జీవితంలో లేవు.

రిపేరతనికి ఫోన్ చేసింది. అతనెక్కడో బండి మీద ఉన్నాడు. టెంప్ అని పేరున్న ఫోల్డర్లన్నీ చెత్తే, కళ్ళు మూసుకుని తీసేయమన్నాడు. ఆవిడ నిజంగానే కళ్ళు మూసుకున్నంత పని చేసింది. లోపలెక్కడో రెండు టెంప్‌లు దొరికాయి, అవి తీసేసినా వచ్చిన చోటు ఏ మూలకూ చాల్లేదు. మూడోది తెర మీదే ఒక పక్కన ఉంది, బాగా బరువైనది. తెరిచి చూద్దామా అనుకుంది. అది తెరుచుకోవడానికే యుగం పట్టేట్టుంది. చెత్తబుట్టలోకి కూడా పోకుండా తీసిపారేయడం ఆమెకు అలవాటు, అలాగే తీసేసింది. ఎర్రగీత నీలంగా మారింది. హమ్మయ్య అనుకుని, బరువైన పేజీలన్నీ వరసగా సేవ్ చేసి, టీ తెప్పించుకుంది.

టీ సగంలో ఉండగా బొమ్మలాయన వచ్చాడు. ఆయనకు ఆఫీసు ఇచ్చిన కార్డు మీద టెంప్ అని ఉంటుంది, టెంపరరీ అని. కొన్నాళ్ళకే అని చేర్చుకున్నారు. ఆ కొన్నాళ్ళలోనే ఆయన జుట్టంతా నెరిసింది, పళ్ళు రెండు ఊడాయి, కార్డు మీద మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆఫీసంతా టెంపూ అంటే నవ్వుతూ పలికేవాడు. పేజీలమ్మాయి ఒక్కతే బాబాయ్ అనేది. కప్పగుండె, చిక్కుడుగింజ మొలక, వాన పడే తీరు, పిల్లల పుస్తకాల్లో ఉన్న అలాంటి బొమ్మలన్నీ ఆయన ఈ కంప్యూటరు మీదే మౌసుతో గీసినవే. కింద పేరు ఎవరూ వేయలేదు.

ఇవాళ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం మీద గీసుకున్న గాటు పచ్చిగా ఉంది. కొత్త మేనేజరు ఆయన గీసిన అసలు ఫైళ్ళు తన కళ్ళతో చూస్తానన్నాడు. నచ్చితే పర్మనెంటు, లేకపోతే సాయంత్రంతో సెలవు. ఈ సంగతి పేజీలమ్మాయికి వారం నుంచీ తెలుసు. నీకు ఖాయం బాబాయ్ అని తనే పదిమార్లు చెప్పింది కూడా.

"కాస్త జరుగుతావా అమ్మాయ్? సారు వస్తున్నారు" అన్నాడు.

ఆయన తెర మీద ఒక పక్క వెతికాడు. ఇంకో పక్క వెతికాడు. ఆ చూపుడువేలు ఖాళీచోటు మీద ఆగిపోయిన తర్వాత గానీ ఆమెకు అర్థం కాలేదు. నవ్వులాటకి ఆయన తన బొమ్మల ఫోల్డరుకు కూడా టెంప్ అనే పేరే పెట్టుకున్నాడు. వరండాలోకి పరిగెత్తి రిపేరతనికి ఫోన్ చేసింది. ఆ చోటులో కొత్తవి సేవ్ చేశాక పాతవి రావడం కల్ల అన్నాడతను.

తిరిగి వచ్చేసరికి మేనేజరు వచ్చి కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు. ఆమె వైపు తిరిగి, "నువ్వేమైనా కదిపావా?" అన్నాడు.

"లేదు సార్. నేను దాని జోలికే పోలేదు."

మాట ఎంత నున్నగా వచ్చిందో! ఏళ్ళ తరబడి సాధన చేసినది మరి. బొమ్మలాయన ఆ నీలిగీత వంక చూశాడు. రంగులతో బతికిన మనిషి, అది నిన్నటిదాకా ఎర్రగా ఉండటం చూసినవాడు. తర్వాత ఆమె వంక చూశాడు. ఆమె టీ గ్లాసు వంక చూసింది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతోంది. ఇప్పుడైనా చెప్పెయ్ అని లోపల ఎవరో తన్నుతున్నట్టే ఉంది.

"అమ్మాయిదేం లేదు సార్. నాకే సేవ్ చేయడం సరిగా రాదు" అన్నాడాయన.

మేనేజరు నిట్టూర్చి, ఈ వయసులో కంప్యూటర్లంటే ఎవరికైనా కష్టమేలెండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు, మర్యాదగానే లెక్క తేల్చేశాడు. బొమ్మలాయన తల ఊపాడు.

ఆమె పేజీలు సర్దుతూనే ఉంది. కంప్యూటరు చెప్పిన మాట వింటోంది, ఒక్కసారి కూడా చోటు లేదనలేదు. మేనేజరు గది తలుపు రెండుసార్లు తెరుచుకుంది, రెండుసార్లూ ఆమె కుర్చీలోంచి లేవబోయి కూర్చుంది. తనమీద తనకే అసహ్యం వేసింది. దొంగతనం చేసినా ఇంత సిగ్గుండేది కాదేమో, దొంగకు కనీసం పారిపోవడం ఉంటుంది.

సాయంత్రం ఆయన మెడలోని కార్డు తీసి కిందిగదిలో ఇచ్చేసి వచ్చాడు. జేబులోంచి ఏదో తీసి ఆమె ముందు పెట్టాడు.

"నిన్న కొన్నాను. బొమ్మలు ఇందులోకి ఎక్కించమని అడుగుదామనుకున్నా. నువ్వు పనిలో ఉన్నావని ఊరుకున్నా. నువ్వే వాడుకో, తల్లీ."

"బాబాయ్..." అంది. ఆయన కాసేపు ఆగాడు. ఆమె చెప్పబోయేది వినడానికే ఆగాడని ఆమెకు తెలుసు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా, పేరు లేని ఆ మనిషిని ఆమె వెనక్కి పిలవలేకపోయింది.

కీబోర్డు పక్కన, కవరైనా చింపని పెన్‌డ్రైవు ఉంది.