కొంగలు ఆరు పాయింట్లు ముందున్న సాయంత్రం

"ఆటకి ముందే కందులు నానబెడితే ఓడిపోతారని మీకెన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా?" అంది నెరేయిదా. పొద్దుటినుంచి ఆ మాట అనడం అది మూడోసారి.

"నానబెట్టని రోజున గెలిచారేమిటి?" అంది అత్తగారు ప్రోవిదెన్సియా, గిన్నెలో నీళ్ళు పోస్తూనే. "మార్చి నుంచీ చూస్తున్నా. నానబెట్టాం, ఓడారు. మానేశాం, ఓడారు. ఎర్ర చొక్కాలేసుకుని వెళ్ళాం, ఓడారు. పాపం ఈ కందులేం చేశాయే?"

"మెల్లగా. మీ అబ్బాయి వింటాడు."

"విననీ. వాడికి తెలియని విషయమా?"

సాంతా ఎల్వీరా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు పేరు కొంగలు. వాళ్ళు సొంత కోర్టులో గెలిచిన రోజున జట్టంతా కెప్టెన్ ఇంటికి వచ్చి ఆసోపావు తాగి వెళ్ళడం ఆ ఊరి ఆనవాయితీ. కోడిమాంసం, కందులు, బియ్యం కలిపి జారుగా, పొగలు కక్కేలా వండే ఆ వంటకి ప్రోవిదెన్సియా చెయ్యి పెట్టింది పేరు. కెప్టెన్ ఆమె కొడుకు ఎలియుద్. అతను కెప్టెన్ అయినప్పటినుంచీ ఆ పొడుగాటి మనుషులంతా తలలు వంచుకుని వీళ్ళ గుమ్మంలోంచే లోపలికి వచ్చేవారు. కుర్చీలు చాలక సగంమంది వరండా మెట్లమీదే కూర్చుని తాగేవారు. ఈ ఏడాది ఒక్కడు కూడా తల వంచి లోపలికి రాలేదు. సొంత కోర్టులో కొంగలకి ఒక్క గెలుపూ లేదు. ఇవాళ సొంత కోర్టులో ఆఖరి ఆట.

"నాన్నమ్మా, అవి జట్టు కోసం అనుకోకు. మన మధ్యాహ్నం భోజనం కోసం అనుకో. అప్పుడు ఏ దోషమూ ఉండదు" అంది కూతురు యారెలిస్, అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటూ. పదహారేళ్ళ ఆ పిల్లే ఆ ఇంట్లో తగువులు తీర్చేది.

"విన్నావా? నా మనవరాలికున్న బుద్ధి నీకు లేకపోయె" అంది ప్రోవిదెన్సియా. కందులు మధ్యాహ్నం ఉడికాయి, అందరూ తిన్నారు, తగువు అక్కడితో ముగిసింది.

నిజానికి నెరేయిదా భయం కందుల గురించి కాదు.

మార్చిలో మొదలైన ఈ ఆటల కాలమంతా ఆమెకి ఒక కలలా గడిచింది. మంచి కలా కాదు, పీడకలా కాదు. మొలలోతు నీళ్ళలో నడుస్తూ ఉంటే, ఎంత నడిచినా గట్టు అంతే దూరంలో ఉండే కల. జట్టు కోసం అమెరికా నుంచి తెచ్చుకున్న మొదటి పొడుగువాడు అమ్మ మీద బెంగతో మూడు వారాలకే వెళ్ళిపోయాడు. రెండోవాడు నడుం పట్టేసి వెళ్ళిపోయాడు. కోచ్ ఈస్టర్‌కి ముందు ఒకసారి మారాడు, తర్వాత మళ్ళీ మారాడు. ఒకరోజు ఊరవతల ఆటకి వెళ్తూంటే కొండదారిలో బస్సు ఆగిపోయింది. వెనకాల కార్లో వస్తున్న నెరేయిదా దిగి చూసింది. పొగమంచు బాగా కమ్ముకుని ఉంది. తెల్ల దుస్తుల్లో ఆటగాళ్ళంతా కాఫీ తోటలో తలో చోటా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కళ్ళూ ఒంటికాలి మీద బరువు వేసి, మెడలు కాస్త వంచి, అచ్చం కొంగల్లాగే ఉన్నారు. ఆ క్షణంలో వాళ్ళు ఎగిరిపోయినా ఆమె ఆశ్చర్యపోయేది కాదు. ఆ సాయంత్రం కూడా ఓడిపోయారు.

ఎలియుద్‌కి ముప్ఫై తొమ్మిదేళ్ళు. అతని కుడి మోకాలి ఎక్స్‌రే చూసి రాజధాని సాన్ హువాన్‌లో డాక్టరు, "ఇది మీదా, మీ నాన్నగారిదా?" అని అడిగాడు. ఇంకో ఏడాది ఆడితే తర్వాత కర్ర పట్టుకునే నడవాలి అని కూడా చెప్పాడు. నెరేయిదా ఆ మాట పట్టుకుని కూర్చుంటే ఎలియుద్ మార్చిలో ఒక మాట ఇచ్చాడు. "మన కోర్టులో, మనవాళ్ళ ముందు ఒక్కటి గెలవనీ. ఆ రోజే బూట్లు విప్పేస్తా. ఓడిపోయి మాత్రం పోను నెరే. గెలవకపోతే ఇంకో ఏడాది."

అప్పటినుంచీ ఊళ్ళో ఆమె కన్నా గట్టిగా గెలుపు కోరుకున్నవాళ్ళు లేరు. ఊరికి కప్పు కావాలి. ఆమెకి మొగుడి కాలు కావాలి.

ఓటములు మొదలయ్యాక ఎలియుద్‌కి నిద్ర తప్పింది. భోజనం తర్వాత కాసేపు కళ్ళు మూసుకున్నా కుడిచెయ్యి మాత్రం ఆగదు. వేళ్ళు దుప్పటి మీద మెత్తగా, అదే లయలో, బంతి కొడుతూనే ఉంటాయి. ఇవాళ కూడా ఆమె గుమ్మంలో నిలబడి ఆ వేళ్ళని చూసి, లేపకుండా సంచీ సర్దింది.

ఆట నాలుగింటికి. ఎలియుద్ తమ్ముడు చాగో అప్పటికే కోర్టు చుట్టూ జనం కూర్చునే మెట్లమీద నలుగురికి చోటు పట్టి, కంజిర వాయిస్తూ కూర్చున్నాడు.

"రా వదినా! ఇవాళ ఓడిపోతే నేను రేపటినుంచి చేపలు పట్టడం చూస్తా. కనీసం అక్కడ ఓడిపోయేది చేపలు."

"నువ్వు పడితే చేపలే గెలుస్తాయి" అంది ప్రోవిదెన్సియా, కొంగు లాంటి తన తెల్ల శాలువా సర్దుకుని కూర్చుంటూ.

ఎందుకో ఆ సాయంత్రం బంతి మాట విన్నది. వేసినవి పడ్డాయి. అవతలివాళ్ళు వేసినవి రింగు చుట్టూ తిరిగి బయటికి వచ్చేశాయి. ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది ముగిసేసరికి కొంగలు ఆరు పాయింట్లు ముందున్నారు. జనం అరవడం కూడా మానేశారు. గాజుగిన్నె పట్టుకుని నడుస్తున్నవాళ్ళలా ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. నెరేయిదా రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటోంది.

అప్పుడు రేకుల కప్పు మీద వాన పడింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

స్కోరుబోర్డు ఆరిపోయింది, ఫ్యాన్లు మెల్లగా ఆగిపోయాయి. కప్పుకీ గోడకీ మధ్య ఉన్న సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు మాత్రం కిందికి దిగింది. మనుషులు కనిపిస్తున్నారు కానీ ముఖాలు తెలియడం లేదు. కాసేపటికి ఎవరో వచ్చి జనరేటర్లో డీజిల్ లేదని చెప్పారు.

"ఉండదులే! ఈ ఏడాది మనకేం ఉంది గనక!" అన్నాడు వెనక వరసలోంచి ఒకడు.

చాగో లేచి నిలబడ్డాడు. "రెఫరీ అయ్యా! ఇక్కడితో ఆపేసి గెలిచామని రాసేసుకోండి! కరెంటోళ్ళూ, రోజూ మిమ్మల్ని తిట్టినందుకు క్షమించండి, ఇవాళ మాత్రం తొందరపడకండి, మీకు దణ్ణం పెడతాం!"

మెట్లన్నీ నవ్వాయి. ఆ నవ్వుతో ఊపిరి బిగపట్టినవాళ్ళంతా ఒక్కసారి వదిలారు. కాన్సాస్ నుంచి కొత్తగా వచ్చిన మూడో పొడుగువాడు కోర్టు మధ్యలో వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, వాన చప్పుడు వింటున్నాడు. అవతలి జట్టువాళ్ళు ఇద్దరు వచ్చి అతని పక్కన కూర్చున్నారు. శత్రువులంటే ఎవరో ఆ వెలుతురులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఎలియుద్ మెట్లెక్కి వస్తున్నాడు. ఒక్కో మెట్టుమీదా రెండు కాళ్ళూ ఆనించి, పసిపిల్లాడు ఎక్కినట్టు ఎక్కుతున్నాడు. దారిలో చేతులు అతని భుజాన్ని తాకుతున్నాయి. వచ్చి నెరేయిదాకీ తల్లికీ మధ్య కూర్చున్నాడు. ఆట దుస్తుల్లో అతను ఆ మెట్లమీద కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కణ్ణుంచి చూస్తే ఆట ఇంత నిదానంగా ఉంటుందా?" అన్నాడు.

"ఆట ఆగిపోయిందయ్యా మహానుభావా" అంది ఆమె.

"కాలు చల్లారనివ్వకు, కాస్త అటూ ఇటూ తిరుగు" అంది తల్లి.

"కాసేపు ఉండనీ అమ్మా."

ప్రోవిదెన్సియా శాలువా తీసి కొడుకు మోకాలి మీద కప్పింది. తర్వాత, ఏం తోచక, సన్నగా ఒక పాట ఎత్తుకుంది. క్రిస్మస్‌కి ఇల్లిల్లూ తిరిగి పాడే పాట, జూన్‌లో. చాగో కంజిర మీద వేలు వేశాడు. పక్కవాళ్ళు అందుకున్నారు, ఆ పక్కవాళ్ళు, ఎదుటి మెట్లవాళ్ళు. వాన ఒక జల్లు హెచ్చితే పాట హెచ్చింది, తగ్గితే తగ్గింది. కింద పడుకున్న కాన్సాస్ కుర్రాడు మాటలు రాకపోయినా నోరు కదుపుతున్నాడు.

నెరేయిదా ఒక్కతే పాడలేదు. రా తల్లీ, తొందరగా రా, వాళ్ళ ఒళ్ళు చల్లబడకముందే రా అని కరెంటుని పిలుచుకుంటోంది. ఈ ఆరు పాయింట్లూ నిలబడితే చాలు.

ఆమె భుజం మీద బరువు పడింది. ఎలియుద్ నిద్రపోయాడు. చెమట తడి ఆమె జాకెట్టులోకి ఇంకుతోంది. ఆమె కళ్ళు అలవాటుగా అతని కుడిచేతి మీదికి వెళ్ళాయి. చెయ్యి ఒళ్ళో తెరిచి ఉంది. వేళ్ళు కదలడం లేదు.

ఆమె కూడా కదలలేదు. తిమ్మిరెక్కినా భుజం తిప్పలేదు. ఎంతసేపు అలా ఉందో ఆమెకి తెలియలేదు. పాట ఎక్కడో దూరంగా, పడవలోంచి వినిపిస్తున్నట్టు ఉంది.

ఒక్కసారిగా దీపాలు వెలిగాయి. ఊరంతా ఒక నిట్టూర్పు విడిచింది. ఎలియుద్ ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. బడికి టైమైందని లేపితే యారెలిస్ చిన్నప్పుడు పెట్టే ముఖం అది.

"వెళ్ళాలా?" అన్నాడు.

"వెళ్ళు మరి. ముందున్నారు కదా" అంది నెరేయిదా.

అతను దిగి వెళ్ళాడు. అవతలి జట్టు ఒళ్ళు త్వరగా వేడెక్కింది, కొంగల ఒళ్ళు వేడెక్కలేదు. ఉత్కంఠ కూడా ఏమీ లేదు. నీళ్ళ కుండకి సన్నటి చిల్లి పడ్డట్టు ఆరు పాయింట్లూ కారిపోయాయి, ఆ తర్వాత ఇంకా తొమ్మిది కారాయి. కొంగలు ఓడిపోయారు. జనం పెద్దగా తిట్టలేదు. గొడుగులు తెరుచుకుని వెళ్ళిపోయారు.

కార్లో ఇంటికి బయల్దేరారు. ఇంకో ఏడాది అనుకుంది నెరేయిదా. ఇంకో ఏడాది ఐసు, ఇంకో ఏడాది కుంటుతూ మెట్లెక్కడం, ఆ తర్వాత కర్ర. మాట ఇచ్చింది అతనే, షరతు పెట్టిందీ అతనే. ఒప్పుకున్నది తను. వాదించడానికి ఏం మిగిలింది?

తెల్లవారేసరికి వాన వెలిసింది. పెరట్లో అరిటాకుల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. చాగో వేడి వేడి రొట్టె చంకలో పెట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"చేపలు పట్టడానికి వెళ్ళలేదా?" అంది ప్రోవిదెన్సియా.

"గాలం దొరకలేదమ్మా." రొట్టె విరుస్తూ అన్నాడు. "వచ్చే ఏడాది చూడు వదినా. పోన్సే నుంచి ఇద్దరు మంచి కుర్రాళ్ళు వస్తారంటున్నారు. అన్నయ్య వాళ్ళని నడిపిస్తే చాలు."

"మళ్ళీ మొదలెట్టావా బాబాయ్?" అంది యారెలిస్.

నెరేయిదా పొయ్యి దగ్గర పాలు పొంగకుండా చూస్తూ నిలబడింది. వచ్చే ఏడాదికి ఇంకో మంచి డాక్టరుని వెతకాలి అనుకుంటోంది.

ఎలియుద్ లోపల్నుంచి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. చెంప మీద దిండు ముడతలు అచ్చుపడి ఉన్నాయి. కాఫీ అందుకుని, తాగకుండా కప్పులోకి చూశాడు.

"నిన్న కరెంటు పోయినప్పుడు, మళ్ళీ రాకూడదని కోరుకున్నాను" అన్నాడు.

"నువ్వొక్కడివేనా? ఊరంతా అదే కోరుకుంది" అన్నాడు చాగో. "ముందున్నాం కదా!"

"మీరు గెలుపు కోసం కోరుకున్నారురా. నేను లేవక్కర్లేకుండా ఉండటానికి కోరుకున్నాను."

చాగో రొట్టె నమలడం ఆపాడు. ప్రోవిదెన్సియా కొడుకు వంక చూసింది. పొయ్యి దగ్గర నెరేయిదా మంట తగ్గించి ఇటు తిరిగింది.

ఎలియుద్ ఒక గుక్క తాగాడు. రోజూ పొద్దున్నే ఎవరెప్పుడు బయటికి వెళ్తున్నారో చెప్పుకునే మామూలు గొంతుతోనే, అందరికీ కలిపి చెప్పాడు.

"బయట ఊళ్ళలో మిగిలిన రెండు ఆటలూ ఆడతాను. ఆ తర్వాత ఆడను. వచ్చే మార్చిలో నేను ఇంట్లోనే ఉంటాను."