ఒక్క వరుస తీసి చూస్తే

"ఇంట్లో కూకుని ఆ కంప్యూటరు నొక్కడవే గదా, అలాగే పప్పు కూడా దించెయ్యి" అన్నాడు నా మొగుడు బాబూరావు, చొక్కా తొడుక్కుంటూ. దించాను. కరెంటు పోయేలోగా నా పనీ అవ్వాలి మరి.

నాది బియ్యం కంపెనీలో ఉద్యోగం. ఏ లోడులో ఎంత నూక వస్తుందో ఆర్ అనే ప్రోగ్రాంలో ముందే అంచనా కట్టాలి. ఆ అంచనా నిలుస్తుందో లేదో తేలాలంటే పాత వివరాలను పది రకాలుగా విడగొట్టి, ప్రతిసారీ కొంత పక్కన దాచి, దాంతో పరీక్షించాలి. ఆ పదీ పది వరుసలుగా ఒక ప్రత్యేకమైన పట్టికలో ఉంటాయి. ఇవాళ అందులో ఒక వరుస ఫలితం చూస్తే ఒళ్లు మండింది. తీసిపారేశాను. తర్వాతి మెట్టులో ప్రోగ్రాం మొరాయించింది, ఇది పరీక్షల పట్టిక కాదు పొమ్మంది.

ఓసి దీని దుంపతెగ! ఇందాకటిదాకా అయినది ఇప్పుడెందుకు కాదు? పట్టిక మళ్లీ తయారుచేసి, పక్కన ఒక కొత్త నిలువు గడి చేర్చాను. ఊరుకుంది. ఇంకో మూడు చేర్చాను. ఊరుకుంది. వరుసల్ని కిందామీదా చేశాను, అయినా పరీక్షల పట్టిక అన్న పేరు పోలేదు. ఒక్క వరుస తీశానో లేదో, చప్పుడు లేకుండా మామూలు పట్టికైపోయింది. దాని తప్పేం లేదు, నచ్చని పరీక్షను తీసేసి పాసయ్యాననడం మోసమే. కానీ లోపల చూస్తే మిగతా తొమ్మిదీ చెక్కుచెదరలేదు. పోయింది పేరొక్కటే.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తామ్వే పేటలో ఈ ఇంటికొచ్చి పదకొండేళ్లు. ముందు వంట, తర్వాత అత్తగారి మందులు, ఆపైన ఆడపడుచు పిల్లల చదువు, ఇప్పుడు శనివారం శనివారం గుడినుంచి దిగే ముగ్గురు బావగార్ల కుటుంబాలకు భోజనాలు. చేర్చినన్నాళ్లూ "మా దుర్గ బంగారం" అంటూనే ఉన్నారు. ఒకటి తీసి చూద్దామని ఇన్నేళ్లలో నాకైనా ఎందుకు తోచలేదో!

శనివారాలు వచ్చి కొత్తవాళ్లకు పని నేర్పితే వాళ్లందరి మీదా నన్నే పెడతానని, వస్తావా అని మేనేజరు కో ఆంగ్ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఇంట్లో కుదరదన్నాను. ఇక అడగనన్నాడు, ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

బాబూరావు రాగానే చెప్పాను. "ఈ శనివారం నుంచి నేను వండను. ఆఫీసుకెల్తాను."

"ఏటే, మతి గాని పోనాదా? ఆల్లందరికీ ఎవులొండుతారు?"

"నాకేటి తెలుసు?"

"మాయమ్మ నిన్నేటనుకుంటాదో ఎరికేనా?"

కో ఆంగ్ నంబరు నొక్కుతూ అన్నాను, "అదే నాకూ సూడాలనుంది."