నీలం ఇంటి కిటికీ

శనివారం మధ్యాహ్నమైనా యోంగ్‌సాన్ ఎలక్ట్రానిక్స్ బజారు మూడో అంతస్తులో సగం షట్టర్లు దించే ఉన్నాయి. తేహో, నారే అనే మొగుడూపెళ్లాలు గంటనుంచీ అక్కడ మానిటర్ కోసం తిరుగుతున్నారు, తిరిగినంతసేపూ పోట్లాడుకుంటున్నారు. ఇద్దరికీ గేముల పిచ్చే. అతను కన్సోల్ మీద ఆడతాడు, ఆమె పీసీ మీద. ఇల్లు ఇరుకు కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకటే తెర.

"కన్సోల్ ఫోర్‌కేలో అంత స్పష్టమైన బొమ్మ ఇస్తుంటే నన్ను మసక తెర చూడమంటావా?"

"అంత బొమ్మ లాగాలంటే నా పీసీ ఎద్దులా రొప్పుతుంది. నువ్వొచ్చి పక్కన విసనకర్ర విసురుతావా?"

మేంగ్ అనే ముసలి దుకాణదారు నవ్వాడు. "మీ తగువు నేను తీర్చలేను గానీ అమ్మాయ్, మీరు రోజూ ఆడే గేమే పెట్టి చూసుకోండి. తెలిసిన బొమ్మలోనే తేడా తెలిసేది."

తేహో కాఫీలు తెస్తానని కిందికి దిగాడు. నారే దుకాణం పీసీలో తన ఖాతా తెరిచింది. సముద్రం ఒడ్డున పల్లె కట్టుకునే గేము అది. ఆ పల్లెను ఆమె, తేహో, తేహో అక్క ఉన్‌సిల్ కలిసి కట్టారు. అందులో నీలం ఇల్లు ఉన్‌సిల్‌ది. మూడేళ్ల కిందట చలికాలంలో ఉన్‌సిల్ ఒంటరిగా తూర్పు తీరానికి వెళ్లింది. రాళ్ల మీద ఆమె బూట్లు దొరికాయి, మనిషి దొరకలేదు. "కళ్లారా చూడందే నా కూతురికి తద్దినం పెట్టను" అని అత్తగారు భీష్మించుకు కూర్చుంది.

ఆ ఇంటి కిటికీలో చాన్నాళ్లుగా ఒక మరక కనబడేది. పాత తెర లోపమని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

మేంగ్ మొదట ఇరవై ఏడంగుళాల మానిటర్ తగిలించాడు. మరక మనిషి ఆకారంలో కనిపించింది. నారే తెరకి దగ్గరగా వంగింది.

"ఇంకొంచెం స్పష్టంగా చూపించేది ఉందా, పెద్దాయనా?"

ముసలాయన ముప్పై రెండంగుళాల ఫోర్‌కే తగిలించాడు.

కిటికీలో ఉన్‌సిల్ నిలబడి ఉంది. జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుపోయింది. అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. ఆ ఆవిరి మీద వేలితో రాసిన అక్షరాలు: ఆకలేస్తోంది.

నారే మౌసు వదిలేసింది. అయినా తెరలోని కళ్లు మెల్లగా ఆమెవైపు తిరిగాయి.

మేంగ్ కూడా చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆవిడకి అన్నం పెట్టారా?"

"లేదు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు."

"పెట్టండమ్మా. మూడేళ్లంటే చాలా రోజులు."

మూడేళ్లని తను చెప్పలేదని నారేకి ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

తేహో కాఫీలతో వచ్చాడు. ఆమె తెరకి అడ్డంగా నిలబడింది. "ఇది వద్దులే. చిన్నదే తీసుకుందాం."

"ఏం దాస్తున్నావ్?" అని నవ్వుతూ ఆమెను పక్కకి జరిపాడు. ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "అక్కా" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

కిటికీలో పెదవులు కదిలాయి. మాట మాత్రం వినబడలేదు.

ఆ మానిటర్నే కొన్నారు. సాయంత్రం అత్తగారిని తీసుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, స్వెటర్ చేతి అంచుతో తెర తుడిచింది. ఆవిరి పోలేదు. అది అవతలివైపుది.

"ఇంత చిక్కిపోయిందేమిట్రా నా తల్లి" అంది. అంతే. మళ్లీ ఒప్పించాల్సిన పని లేకపోయింది.

పోయిన రోజేదో తెలియనివాళ్లకి తొమ్మిదో చాంద్రమాసం తొమ్మిదో నాడు తద్దినం పెడతారు. ఆ రోజు అత్తగారు కొడుకింట్లోనే తెల్లవారకముందే లేచి, ముల్లంగి పులుసు, చేప అన్నీ తన చేత్తోనే వండింది. ఎవర్నీ గరిటె ముట్టుకోనివ్వలేదు. పోయినవాళ్లకి పెట్టే పద్ధతిలో అన్నం గిన్నెలో చెంచా నిలబెట్టి, "తినమ్మా, ఆలస్యం చేశాను" అని వంగి దండం పెట్టింది.

మర్నాడు పొద్దున తేహో గేము తెరిచాడు. కిటికీ అద్దం శుభ్రంగా ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఉన్‌సిల్ ఇటు వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని తింటోంది. నారే ఊపిరి పీల్చుకోబోయి ఆగింది.

బల్లకి అవతల ఇంకొకరున్నారు. ముఖం తెలియని మగమనిషి. అతని బట్టల నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి. ముందు గిన్నె లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్‌సిల్ తినడమే చూస్తున్నాడు.

"ఎవరే అతను?" అంది అత్తగారు.

"తెలీదత్తయ్యా."

అత్తగారు లేచింది. వంటింట్లోకి వెళ్లి, నిన్నటి పులుసు వేడిచేసి, ఇంకో గిన్నెలో అన్నం నింపి తెచ్చింది. పరాయి ఆత్మని ఇంట్లోకి పిలవకూడదు కాబట్టి బల్ల మీద పెట్టకుండా, గుమ్మం దాటి బయట నేల మీద పెట్టింది.

"ఎవరి బిడ్డవో నాయనా, నువ్వూ తిను" అని, లోపలికొచ్చి తలుపు గడియ వేసుకుంది.